పకియావ్ 8 కేటగిరీల లెక్క: 112 పౌండ్ల నుంచి 154 దాకా నిజంగా ఎక్కాడా?

రింగుపక్క అడిగిన ప్రశ్న:

ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్ గురించి ఎవరు రాసినా "ఎనిమిది వెయిట్ కేటగిరీల్లో ప్రపంచ చాంపియన్, చరిత్రలో ఇంకెవరూ లేరు" అనే మొదలుపెడతారు. ఫైట్ల రికార్డు ముందేసుకుని కూర్చుంటే మాత్రం నాకు లెక్క కుదరడం లేదు.

1998లో 112 పౌండ్ల బెల్టు, 2010లో 154 పౌండ్ల బెల్టు. అంటే పన్నెండేళ్లలో 42 పౌండ్లు, మన లెక్కలో 19 కిలోలు. తీరా చూస్తే ఆ చివరి ఫైట్‌కి, అంటే ఆంటోనియో మార్గరిటోతో జరిగినదానికి, తూకంలో అతను 144.6 పౌండ్లే ఉన్నాడు. అది 147 పౌండ్ల వెల్టర్‌వెయిట్ హద్దుకే తక్కువ. మరి 154 బెల్టు ఎలా కట్టారు? 112 తర్వాత 115, 118 కేటగిరీలు ఎందుకు దాటేశాడు? చిన్న ఒంటితో పెద్దవాళ్లని పడగొట్టింది బలంతోనా, ఇంకేదైనా ఉందా?

చివరగా ఒకటి. "పకియావ్‌లా కేటగిరీ మారు, పతకం వస్తుంది" అని కుర్రాళ్లకి చెప్పే కోచ్‌లు మన దగ్గర కనిపిస్తుంటారు. అమెచ్యూర్‌లో ఈ లెక్క పనికొస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తూకంరాయి జవాబు:

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడితే మిగతావి వాటంతటవే విడిపోతాయి.

పకియావ్ ప్రొఫెషనల్‌గా దిగింది 1995 జనవరిలో, 16 ఏళ్లకి. అప్పటికి లైట్ ఫ్లైవెయిట్ (108 పౌండ్ల కేటగిరీ) బరువు కూడా సరిగ్గా లేదు, తూకంలో సరిపోవడానికి జేబుల్లో బరువులు వేసుకున్నానని తర్వాత తనే చెప్పాడు. అంటే మొదటి సమస్య బరువు చాలకపోవడం. రెండేళ్లు తిరక్కుండానే అది తలకిందులైంది. ఎదిగే వయసు కదా, 112 హద్దు ఇరుకైపోయింది.

దెబ్బ రెండుసార్లు తగిలింది. 1996 ఫిబ్రవరిలో రుస్టికో టొర్రెకాంపోతో ఫైట్‌కి బరువు దిగలేకపోయాడు. జరిమానాగా అతనికి 8 ఔన్సుల గ్లవ్స్, ఎదుటివాడికి 6 ఔన్సులవి (గ్లవ్స్ బరువైతే దెబ్బ మెత్తగా తగులుతుంది). మూడో రౌండులో నాకౌట్ అయ్యాడు. చాలామంది గ్లవ్స్ వల్ల అంటారు కానీ, నాకు మాత్రం అసలు కారణం ఎండిపోయిన ఒళ్లే అనిపిస్తుంది. 1998 డిసెంబర్‌లో థాయ్‌లాండ్ వెళ్లి చాట్‌చాయ్ ససకుల్‌ని ఎనిమిదో రౌండులో పడగొట్టి డబ్ల్యూబీసీ (బెల్టులిచ్చే పెద్ద సంస్థల్లో ఒకటి) ఫ్లైవెయిట్ బెల్టు తెచ్చుకున్నాడు. పది నెలలు కూడా కాకముందే, 1999 సెప్టెంబర్‌లో, మెడ్‌గోయెన్ సింగ్‌సురత్ మీద బెల్టు నిలబెట్టుకోవడానికి మళ్లీ థాయ్‌లాండ్ వెళ్లి, 112కి దిగలేక తూకం మీదే బెల్టు పోగొట్టుకున్నాడు. మర్నాడు మూడో రౌండులో పొట్ట మీద దెబ్బకి కూలబడ్డాడు.

ఆ పొట్ట దెబ్బ గురించి ఒక మాట. చివరి గంటల్లో నీళ్లు తీసేసి బరువు దిగినవాడికి మొదట పోయేది కాళ్లలో బిగువు, తర్వాత ఒంటి మీద దెబ్బలు తట్టుకునే శక్తి. తలకి తగిలే దెబ్బ ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒంట్లో పోయిన నీళ్లు ఒక్క రోజులో పూర్తిగా తిరిగి రావు. బాగా ఎండిన బాక్సర్ నాకౌట్ అయితే దాన్ని ఆటలో లోపంగా చూడకూడదు.

అందుకే 115, 118లలో ఆగలేదు. మూడు పౌండ్లు పైకి వెళ్తే ఆరు నెలల్లో మళ్లీ అదే ఇరుకు. నేరుగా 122కి వెళ్లిపోయాడు. 2001 జూన్‌లో లాస్ వేగాస్‌లో, రెండు వారాల ముందు పిలుపొస్తే వెళ్లి, ఇంకో బెల్టు సంస్థ ఐబీఎఫ్ చాంపియన్ లెద్వాబాని ఆరో రౌండులో ఆపేశాడు. అంత తక్కువ వ్యవధిలో ఒప్పుకోగలిగాడంటే తగ్గించుకోవాల్సిన బరువు ఎక్కువ లేదనే అర్థం. పది పౌండ్లు కోయాల్సినవాడు రెండు వారాల పిలుపుకి సరే అనలేడు.

అక్కణ్నుంచి అతని ఎదుగుదల తీరు ఇదే. పెద్ద బాక్సర్లు తమ సహజ బరువుకన్నా ఒకటి రెండు కేటగిరీలు కిందికి దిగి ఆడతారు, తూకం అయ్యాక తిరిగి పెరుగుతారు. పకియావ్ దానికి ఎదురు దారి పట్టాడు. 140 దాటాక అతని బాధ బరువు దించడం కాదు, నిలబెట్టడం. తూకానికి ముందే టిఫిన్ తినేసి వెళ్లేవాడన్నది అందరికీ తెలిసిందే.

2008 డిసెంబర్‌లో తనకన్నా పొడుగు, పెద్ద బాక్సర్ ఆస్కార్ డి లా హోయాతో జరిగింది చూడండి. డి లా హోయా ఏడేళ్లకు పైగా 147కి దిగలేదు. ఈ ఫైట్ కోసం 145కి దిగాడు, పకియావ్ 142. ఫైట్ రాత్రి టీవీ వాళ్లు తూచినప్పుడు పకియావ్ 148న్నర, డి లా హోయా 147. పొడుగువాడే తేలికైపోయాడు! ఎనిమిది రౌండ్లు తిని తొమ్మిదో దానికి స్టూల్ మీంచి లేవలేదు. జనం దాన్ని చిన్నవాడు పెద్దవాణ్ని కొట్టిన అద్భుతం అన్నారు. తూకం కాగితం చూస్తే ఎండిపోయినవాణ్ని తడిగా ఉన్నవాడు కొట్టాడు, అంతే.

పదికి_తొమ్మిది జవాబు:

పైవారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, డి లా హోయా విషయంలో మరీ అంత తేలిగ్గా తీసెయ్యొద్దు. ఆ రాత్రి పకియావ్ ఎడమచేయి ప్రతి రౌండులో దారి వెతుక్కుంది. సరే, నేను బెల్టుల లెక్క చెబుతాను.

ఎనిమిదీ ఒకే జాతి బెల్టులు కావు. గొడవంతా అక్కడే. ఫ్లై 112 డబ్ల్యూబీసీ, సూపర్ బాంటమ్ 122 ఐబీఎఫ్, సూపర్ ఫెదర్ 130 డబ్ల్యూబీసీ, లైట్ 135 డబ్ల్యూబీసీ, వెల్టర్ 147 డబ్ల్యూబీఓ, సూపర్ వెల్టర్ 154 డబ్ల్యూబీసీ. ఇవి ఆరు. మిగతా రెండు, అంటే 2003లో బరేరా మీద 126లో, 2009లో హాటన్ మీద 140లో వచ్చినవి, ద రింగ్ పత్రిక ఇచ్చే టైటిళ్లు. హాటన్ ఫైట్‌లో ఐబీఓ బెల్టు కూడా ఉంది గానీ నాలుగు పెద్ద సంస్థల్లో (డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ) అది లేదు.

దీన్నిబట్టి ఆరే అనేయకండి. బరేరా ఆ రోజు ఫెదర్‌వెయిట్‌లో అందరూ ఒప్పుకున్న నంబర్ వన్, హాటన్ 140లో అలాంటివాడే. బెల్టు సంస్థలు చాంపియన్ పర్సులో, అంటే ఫైట్ పారితోషికంలో, సుమారు 3 శాతం ఫీజు తీసుకుంటాయి, తాము చెప్పినవాడితో ఆడకపోతే బెల్టు లాగేసుకుంటాయి. అందుకని అసలు మొనగాడి దగ్గర బెల్టు లేకపోవడం, ఎవడో అనామకుడి దగ్గర ఉండడం బాక్సింగ్‌లో మామూలే. నా దృష్టిలో ఆ రెండు పత్రిక టైటిళ్లే 154 బెల్టుకన్నా గట్టివి.

154 దాని సంగతి: 2010 నవంబర్, టెక్సస్, కౌబాయ్స్ స్టేడియం. డబ్ల్యూబీసీ సూపర్ వెల్టర్ టైటిల్ అప్పటికి ఖాళీ. కేటగిరీ హద్దు 154 అయినా, ఒప్పందంలో ఇద్దరూ 150కి మించకూడదని రాసుకున్నారు. దీన్నే క్యాచ్‌వెయిట్ అంటారు. హద్దుకన్నా తక్కువ ఉంటే నిబంధన అడ్డు రాదు, ఎక్కువ ఉంటేనే. కాబట్టి 144.6తో వెళ్లినవాడికి 154 బెల్టు కట్టడం కాగితం మీద తప్పేం కాదు. మార్గరిటో సరిగ్గా 150, రింగులోకి వచ్చేసరికి ఇద్దరి మధ్యా 17 పౌండ్ల తేడా అని చెప్పారు. పన్నెండు రౌండ్లూ కొట్టి మార్గరిటో కంటి ఎముక విరగ్గొట్టాడు. స్కోర్లు 120-108, 119-109, 118-110. బెల్టు లెక్క సంగతి ఎలా ఉన్నా ఆ ఫైట్ మాత్రం అబద్ధం కాదు. అంతకు ముందు ఏడాది కోటోతో కూడా ఇలాగే, 147 బెల్టుకి 145 క్యాచ్‌వెయిట్. అది మాత్రం నాకు నచ్చదు. చాంపియన్ తన బెల్టు పెట్టి మరీ రెండు పౌండ్లు తక్కువకి దిగాల్సి వచ్చింది.

స్కోరింగ్ గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. 2004 మే, మార్క్వెజ్‌తో మొదటి ఫైట్. తొలి రౌండులోనే మార్క్వెజ్ మూడుసార్లు పడ్డాడు. పది పాయింట్ల పద్ధతిలో రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, ఒకసారి పడితే 8, రెండుసార్లకు 7, మూడుసార్లకు 6. ఇద్దరు జడ్జీలు 10-6 వేశారు. మూడో జడ్జి బర్ట్ క్లెమెంట్స్ 10-7 వేశాడు, ఆ తర్వాత పొరపాటైందని ఒప్పుకున్నాడు. జడ్జీల స్కోరు కార్డులు 115-110 అటు, 115-110 ఇటు, క్లెమెంట్స్‌ది 113-113. ఆ ఒక్క పాయింటు సరిగ్గా వేసి ఉంటే 113-112, పకియావ్ గెలుపు. డ్రా అయింది కాబట్టే రెండోది, మూడోది, నాలుగోది వచ్చాయి. ఆ నాలుగోదాంట్లో పకియావ్ నాకౌట్ అయ్యాడు.

నీలం_మూల జవాబు:

మూడో ప్రశ్న ఇద్దరూ వదిలేశారు. బలంతోనా అని అడిగారు. కాదు. దానికి సాక్ష్యం రికార్డులోనే ఉంది: 2009 నవంబర్‌లో కోటోని పన్నెండో రౌండులో ఆపాక, 2018 జూలైలో కౌలాలంపూర్‌లో మథీసేని ఏడో రౌండులో పడగొట్టే వరకు, దాదాపు తొమ్మిదేళ్లు, ఒక్క నాకౌట్ గెలుపు లేదు. 147లో స్థిరపడ్డాక అతని దెబ్బకి నొప్పి ఉంది, పడగొట్టే బరువు లేదు. బరువు పెరిగే కొద్దీ పంచ్ పెరుగుతుందనేది పొరపాటు. దెబ్బ తినేవాడి మెడా భుజాలూ కూడా పెరుగుతాయి కదా.

పని చేసింది పాదాలు. ఎడమచేతివాటం బాక్సర్ కుడికాలు ముందుంటుంది, మామూలు బాక్సర్ ఎడమకాలు ముందుంటుంది. ఇద్దరి ముందరి పాదాలూ ఎదురెదురుగా వస్తాయి. ఎవరి పాదం బయటివైపు ఉంటే వారి వెనకచేయి నేరుగా ఎదుటివాడి గడ్డానికి గురిపడుతుంది, ఎదుటివాడి వెనకచేయి మాత్రం అడ్డంగా తిరిగి రావాలి. పకియావ్ ఆ బయటి జాగాలోకి అడుగు వేసుకుంటూనే కొట్టేవాడు, ఆగి కొట్టేవాడు కాదు. కొట్టాక వెనక్కి తగ్గడు, పక్కకి జరిగి మళ్లీ కొడతాడు. ఎదుటివాడు తిరిగి కాళ్లు సర్దుకునేలోపు రెండో విడత వస్తుంది. 2010లో క్లాటీ మీద 1,231 పంచ్‌లు విసిరాడంటే ఈ కాళ్ల వల్లే.

2001లో ట్రైనర్ ఫ్రెడ్డీ రోచ్ దగ్గరికి వచ్చేనాటికి అతనిది ఒక్క చేతి ఆట. ఎడమచేయి దూసుకొచ్చేది, కుడిచేయి అలంకారం. దాని ఖర్చు 2005 మార్చిలో మొరాలెస్ చేతిలో ఓడి కట్టాడు, మూడు కార్డులూ 115-113. ఎడమ ఎప్పుడొస్తుందో తెలిశాక మొరాలెస్‌కి జవాబు సులువైంది. ఆ తర్వాత కుడి హుక్ (మోచేయి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) మీద రోచ్ పెట్టిన పని 2009 మేలో హాటన్ మీద కనిపించింది. తొలి రౌండులో మొదట పడేసింది కుడి హుక్కే. రెండో రౌండులో ఎడమతో ముగించాడు. హాటన్ చూపంతా ఎడమ మీదే ఉండిపోయింది.

ఇదే అలవాటు అతన్ని ముంచింది కూడా. 2012 డిసెంబర్, మార్క్వెజ్‌తో నాలుగో ఫైట్, ఆరో రౌండ్, 2:59. రౌండులో ఇంకో సెకను మిగిలి ఉంది. అప్పటికి మూడు కార్డుల్లోనూ పకియావే 47-46తో ముందున్నాడు, ఐదులో మార్క్వెజ్‌ని పడేశాడు కూడా. తాడు దగ్గర మార్క్వెజ్ వెనక్కి తగ్గుతున్నట్టు కనిపించాడు, పకియావ్ ముందుకు అడుగేశాడు, తల కుడిచేతి దారిలోకి వెళ్లింది. అతను ముందుకొచ్చే వేగం, దెబ్బ వేగం రెండూ కలిశాయి. నేర్చుకునేవాళ్లు గమనించాల్సింది: ఎడమచేతివాటంవాడు కుడికాలు మధ్యగీత మీదికి వేస్తే ఎదుటి కుడిచేతికి తలుపు తీసినట్టే. అడుగు బయటికే పడాలి, తల ముందరి మోకాలికి బయటివైపే ఉండాలి.

రింగుపక్క:

ముగ్గురికీ ధన్యవాదాలు, ముఖ్యంగా ఆ 148న్నర లెక్కకి. రెండు సందేహాలు మిగిలాయి. మార్గరిటో చేతికట్ల గొడవ అంటారు, అది ఈ ఫైట్‌లోదేనా? ఇంకా ఆ అమెచ్యూర్ ప్రశ్న.

నీలం_మూల:

కాదండీ, అంతకు ముందుది. 2009 జనవరి, లాస్ ఏంజెలెస్, షేన్ మోస్లీతో ఫైట్‌కి ముందు. చేతికట్టు గాజుగుడ్డ, అంటించే టేపు మాత్రమే అయ్యుండాలి. నెవాడాలో అయితే చేతికి 20 గజాలకు మించకూడదని కూడా రూలు. కట్టు చేతుల్ని కాపాడుకోవడానికే తప్ప గుద్దే వైపు గట్టిపరచడానికి కాదు. కట్టేటప్పుడు ఎదుటి శిబిరం మనిషి ఒకడు పక్కన నిలబడి చూడొచ్చు. చూడాలి కూడా. మోస్లీ ట్రైనర్ నాజీమ్ రిచర్డ్‌సన్ చేతితో తడిమి లోపలి మెత్త గట్టిగా ఉందని పట్టుకున్నాడు. విప్పితే ప్లాస్టర్ లాంటి పదార్థం. మళ్లీ కట్టించారు, మోస్లీ తొమ్మిదో రౌండులో ఆపేశాడు. కాలిఫోర్నియా లైసెన్సు రద్దు చేసింది. మరుసటి ఏడాది టెక్సస్ లైసెన్సు ఇచ్చింది, పకియావ్ ఫైట్ అందుకే అక్కడ.

కార్నర్‌లో నిలబడేవాళ్లకి ఒక పని: కట్టడం పూర్తయ్యాక మెటికల మీద బొటనవేలితో నొక్కి చూడండి. గుడ్డ నొక్కుకుంటుంది, కాస్త తిరిగి లేస్తుంది. అట్ట ముక్కలా ఉంటే విప్పమనండి. కట్టు మీద సంతకం పడ్డాక అడిగితే లాభం లేదు.

తూకంరాయి:

అమెచ్యూర్ ప్రశ్నకి నేరుగా జవాబు: పనికిరాదు, కారణం తూకం వేళ.

ప్రొఫెషనల్స్‌లో తూకం ముందురోజే అవుతుంది. ఫైట్‌కి 24 నుంచి 30 గంటల సమయం దొరుకుతుంది. ఐబీఎఫ్ అయితే టైటిల్ ఫైట్‌లకి రెండోరోజు పొద్దున మళ్లీ తూచి, 10 పౌండ్లకు మించి పెరగకూడదనేది. అమెచ్యూర్ టోర్నీలో ఫైట్ ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే తూకం, కొన్ని గంటల్లో రింగ్. ఫైనల్ దాకా వెళ్తే నాలుగైదుసార్లు ఎక్కాలి. నీళ్లు తీసి దిగినవాడు మధ్యాహ్నానికి ఎండిపోయే ఉంటాడు, రేపు మళ్లీ దిగాలి కాబట్టి రాత్రి సరిగ్గా తినలేడు. మూడో రోజుకి కాళ్లు లేవవు.

నిఖత్ జరీన్ సంగతే తీసుకోండి. 2022 ఇస్తాంబుల్ ప్రపంచ టైటిల్ 52 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు, 50 తర్వాత నేరుగా 54. కాబట్టి 50కి దిగింది, 2023 ఢిల్లీలో ఆ బరువులోనూ ప్రపంచ చాంపియన్ అయింది. అది నెలల తరబడి నిదానంగా మోసిన బరువు, ఒక్క రాత్రి ఆవిరిగదిలో కోసింది కాదు. అదే పారిస్‌లో వినేశ్ ఫొగాట్‌కి రెండోరోజు పొద్దున 100 గ్రాములు అడ్డుపడింది. కుస్తీయే అయినా రెండోరోజు తూకం సంగతి అంతే.

పెద్దవాళ్లకి పనికొచ్చే లెక్క చెబుతాను, పద్దెనిమిది నిండని పిల్లలకి ఇది అసలు వద్దు. పోటీకి 8 నుంచి 10 వారాల ముందు బరువు హద్దుకన్నా ఎంత పైన ఉందో చూడాలి. వారానికి అరకిలో నుంచి ముప్పావు కిలో కొవ్వు తగ్గడం మామూలు. అంతకన్నా వేగంగా పోతే కండ పోతున్నట్టే. చివరి వారంలో అన్నం, ఉప్పు, పీచు తగ్గిస్తే ఒకటి రెండు కిలోలు వాటంతటవే దిగుతాయి. కండలో నిలవున్న ప్రతి గ్రాము పిండిపదార్థం దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే ఆ నీరూ పోతుంది. ఉదయం తూకం ఉన్న అమెచ్యూర్ ఆగాల్సింది ఇక్కడే. ఆవిరిగది, ప్లాస్టిక్ సూటు, వేడినీళ్ల తొట్టి ముందురోజు తూకం ఉన్నవాళ్ల సరుకు. వాటిలో కూడా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, ఒంటరిగా ఎప్పుడూ చేయకూడదు. విరేచనాల మాత్రలు, మూత్రం మాత్రలు ఊసెత్తొద్దు. రెండోవి నిషేధిత మందుల జాబితాలో కూడా ఉన్నాయి.

తూకం దిగాక లీటరు నీళ్లు గటగటా తాగేస్తారు. అది పొట్టలో కదలాడుతూ ఉంటుంది, ఉప్పు లేని నీళ్లు కాబట్టి చాలా భాగం మూత్రంగా పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్టు రాసి ఉన్నంత నీటిలోనే కలిపి, పది పదిహేను నిమిషాలకోసారి గ్లాసులో సగం చొప్పున తాగాలి. కోల్పోయినంత బరువుకి ఒకటిన్నర రెట్లు ద్రవం కావాలి. అంటే కిలో పోతే లీటరున్నర. దానికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రింగ్ ఉంటే అంత సమయమే ఉండదు. తిండి విషయంలో మెత్తటి అన్నం, అరటిపండు, ఇడ్లీ చాలు. పప్పు, వేపుడు, పాలు ఫైట్ అయ్యాక.

కుర్రాడు రెండు టోర్నీల్లో వరసగా చివరి పూట ఒకటిన్నర కిలోకి మించి నీళ్లు తీయాల్సి వచ్చిందంటే వాడు పై కేటగిరీకి ఎదిగినట్టే లెక్క. పకియావ్ 112 నుంచి 122కి వెళ్లిన కారణం అదే. అక్కడ కొన్నాళ్లు ఓడినా పరవాలేదు.

పదికి_తొమ్మిది:

ఒకటి మర్చిపోయాను. పోటీకి ముందు ఇచ్చే వైద్య ఫారం తేలిగ్గా తీసుకోవద్దు. 2015 మేలో మేవెదర్‌తో ఫైట్‌కి ముందు భుజం గాయం గురించి ఉన్న ప్రశ్నకి పకియావ్ ఫారంలో "లేదు" అని టిక్ ఉంది. ఫైట్ రాత్రి వాపు తగ్గే ఇంజెక్షన్ అడిగితే, గాయమే నమోదు కాలేదు కదా అని నెవాడా కమిషన్ ఒప్పుకోలేదు. ఆ మందుకి డోపింగ్ పరీక్షల సంస్థ అంతకు ముందే అనుమతిచ్చింది, అయినా లాభం లేకపోయింది. 118-110, 116-112, 116-112తో ఓడాడు, తర్వాత భుజానికి ఆపరేషన్. స్థానిక టోర్నీ ఫారం అయినా సరే, పాత గాయం, వాడే మాత్ర, చివరి నాకౌట్ తేదీ మూడూ కోచ్ చేత్తో కాకుండా కుర్రాడి చేతే రాయించండి. ఒక నకలు సంచిలో పెట్టుకోండి.

రింగుపక్క:

ఆ నకలు మాట మా క్లబ్బు బోర్డు మీద ఇవాళే రాయిస్తాను. నా లెక్క కూడా దిద్దుకున్నాను: 8 టైటిళ్లు, అందులో పెద్ద సంస్థల బెల్టులు 6, పత్రికవి 2, 154 బెల్టు 150 ఒప్పందం మీద.

తూకంరాయి:

దాని పక్కనే ఇంకో వరుస రాసుకోండి: 2019 జూలైలో థర్మన్ మీద 40 ఏళ్ల వయసులో డబ్ల్యూబీఏ 147 టైటిల్, 2025 జూలైలో 46 ఏళ్లకి బారియోస్‌తో డబ్ల్యూబీసీ 147 టైటిల్ ఫైట్ డ్రా. 2010 తర్వాత అతను 154 వైపు మళ్లీ వెళ్లనే లేదు.